మండతా ఉండాదంటే నుదుటికి బామ్

రెండో కాన్పు తర్వాత పెరిగిన పొట్టను కోత లేకుండా, చల్లదనంతోనే కరిగిస్తామంటే తమిళనాడు ధర్మపురిలో ఒక బ్యూటీ క్లినిక్‌కు వెళ్లాను. మిషన్ కప్పు పొట్టను పట్టి లాగింది. కాసేపటికి మొద్దుబారుతుందని అక్కడి తమిళమ్మాయి చెప్పింది. మొద్దుబారలేదు, నిప్పు పెట్టినట్టయింది. రోజంతా తమిళమే మాట్లాడే నాకు ఆ బాధలో ఇంటి తెలుగే వచ్చింది.

“మండతా ఉండాది పాపా, మండతా ఉండాది!”

తమిళంలో మండై అంటే తల.

“మండై వలిక్కుదా అక్కా?” అంటూ ఆమె నా నుదుటికి బామ్ రాసింది. తల నొప్పి కాదని చెప్పబోతే చలికి పళ్లు కొట్టుకుని మాట రాలేదు. మిషన్ నడుస్తూనే ఉంది.

కప్పు తీసేసరికి చర్మం తెల్లగా గడ్డకట్టింది. తర్వాత నల్లబడి ఊడింది. ఇప్పటికీ అక్కడ స్పర్శ లేదు. నా చిన్నది పొట్ట మీద చెయ్యేసి పడుకుంటుంది. చూస్తేనే నాకు తెలుస్తుంది.