రూబీ కొలిచిన సీసం

రూబీకి చదువు పిచ్చి. గజపతినగరం బాప్టిస్టు చర్చి సందులో పుట్టిన ఈ పిల్ల శ్రీకాకుళంలో పరిశోధన చేస్తోందంటే, అదేం పరిశోధనో తెలియకపోయినా సందంతా మురిసిపోయేది.

చెప్పుకుంటే ఇంతే. న్యూట్రాన్లు వెళ్లి సీసం ముక్కలోని కేంద్రకాలను గుద్దుతాయి. దెబ్బతిన్న కేంద్రకం గామా కిరణం వదిలి నెమ్మదిస్తుంది. ఆ కిరణాలను పట్టే డిటెక్టరు ద్రవ నైట్రోజన్ పోసి చల్లగా ఉంచితేనే పనిచేస్తుంది. ఆ నైట్రోజన్ విశాఖ నుంచి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

అది వచ్చిన రోజునే అన్న బెన్హర్ ఫోన్ చేశాడు.

"ఒసే, అమ్మకి బాగోలేదు. నిన్నే అడుగుతన్నాది. బేగి రా."

అమ్మ స్వర్ణ మంచం పట్టి నెలలైంది. ఇలాంటి కబుర్లు ఇదివరకూ వచ్చాయి, ప్రతిసారీ ఆవిడ లేచి కూర్చుంది.

"కొలత మొదలెట్టేసేను అన్నియ్యా. ఇప్పుడాపితే నైట్రోజనంతా ఆవిరైపోతాది. సాయంత్రం బస్సెక్కుతాను," అంది రూబీ. కంప్యూటర్ తెర మీద గ్రాఫులో సీసం గామా కిరణాల శిఖరం పైకి లేస్తుంటే పిచ్చిపిల్ల ఒళ్లు మరిచిపోయింది.

ఇల్లు చేరేసరికి అమ్మ ఐసు పెట్టెలో ఉంది. బెన్హర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"'దాన్ని మరి పిలవకండిరా, పని పాడైపోతాది' అని అమ్మే సెప్పినాది," అన్నాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక తిరిగి వెళ్లింది. గైడు నారాయణమూర్తిగారు ఆ శిఖరం చూసి, "సీసం ముక్క తీసేసి ఖాళీగా కూడా కొలిచావా అమ్మా?" అని అడిగారు. కొలవలేదు. ముందు చేయాల్సిన పని అదే. నైట్రోజన్ మిగిలితే చూద్దామని తొందరలో వదిలేసింది.

మళ్లీ నైట్రోజన్ వచ్చాక ముక్క లేకుండా కొలిచింది. శిఖరం ఎప్పటిలాగే లేచింది, ఇంచుమించు అంతే ఎత్తున. బయటి కిరణాలు రాకుండా డిటెక్టరు చుట్టూ పేర్చిన ఇటుకలూ సీసానివే. న్యూట్రాన్లు వాటినీ గుద్దాయి. ఆ రోజు తను కొలిచింది ముక్కను కాదు, గోడను. అమ్మ ఆఖరి పగలంతా ఈ ఇటుకలకి ధారపోశానా అని నేల మీద కూలబడి కుళ్లికుళ్లి ఏడ్చింది.

కళ్లు తుడుచుకునేలోపే బెన్హర్ ఫోను.

"ఆ రోజు కొలిసినావు గదా, బాగొచ్చిందేటే?"

"వచ్చింది అన్నియ్యా."

"దేవుడికి స్తోత్రం! ఆదివారం చర్చిలో సాక్ష్యం సెప్తాను. నీ కొలత బాగా రావాలనే అమ్మ ఆకరి పార్దన సేసినాది."

"సరే అన్నియ్యా," అంది రూబీ.