సూది గుచ్చుకున్న నాలుగు గంటలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాలు కూడా ఉంటాయని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళు, నర్సింగ్‌లో ఫస్టు క్లాసు, మదనపల్లె నుంచి వచ్చి రెండు నెలలు, బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఒక చిన్న ఆసుపత్రిలో మొదటి ఉద్యోగం. చేతులు ఎలా కడుక్కోవాలో నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేదాన్ని. (ఎవరూ లేపి అడగలేదు. నేనే హాస్టల్లో పడుకున్నవాళ్ళను లేపి చెప్పేదాన్ని.) మా ఆసుపత్రిలో ఒకరి జబ్బు ఒకరికి అంటకుండా చూడడమే పనిగా ఒక పెద్ద సిస్టరు ఉండేవారు. చేతులు కడుక్కోని మనిషి కనబడితే డాక్టరైనా సరే సింకు దాకా వెంటబెట్టుకుని పోయేవారు కాబట్టి అందరూ ఆవిడను సోపక్క అనేవాళ్ళు. ఆవిడ పెట్టిన పోటీలో, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు అనే ముక్కను అందరికంటే గట్టిగా చెప్పి నేను స్టీలు టిఫిన్ బాక్సు గెలుచుకున్నాను. గెలిచిన నాలుగో రోజు పొద్దున, వాడిన సూదికి మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్నాను.

జరిగింది ఇంతే. మగవాళ్ళ వార్డులో మొదటి మంచం మీద ఒక టైలర్ తాత ఉండేవాడు. గార్మెంట్ యూనిట్లో నలభై ఏళ్ళు పని చేసిన మనిషి, షుగరుతో కాలి పుండు మానక చేరాడు. ఎనిమిదిన్నరకు ఆయన రక్తం తీసి గొట్టంలో నింపాను. సూదులు పడేసే డబ్బా వార్డుకు ఆ చివర కిటికీ కింద ఉంది. అంత దూరం సూదిని పైకి చూపిస్తూ నడవడం బాగుండదనిపించి, ఒక్కసారికే కదా అని మూత అందుకున్నాను. ఎడమచేతి చూపుడు వేలు చురుక్కుమంది. గ్లవుజు లోపల ఎర్రటి చుక్క, ఆవగింజంత.

వెంటనే సబ్బు పెట్టి నీళ్ళ కింద కడుక్కుని పెద్దవాళ్ళకు చెప్పాలి. అది నాకు తెలుసు. దాన్ని చెప్పే కదా బాక్సు గెలిచింది. కానీ బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుని, వేలిని నిమ్మకాయ పిండినట్టు పిండి, స్పిరిట్ పోసి, శానిటైజర్ పోసి, ఏమేం చేయకూడదని సోపక్క చెప్పారో అవన్నీ వరసగా చేశాను. చెబితే నవ్వుతారు. చెప్పకపోతే? ఆ తాత రక్తంలో ఎయిడ్సో, కామెర్లో, ఏ జబ్బుందో ఎవరికి తెలుసు? ఉంటే మాత్రలు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని చదివిన పేజీ కళ్ళ ముందు ఆడుతోంది, గోడ మీది గడియారం మాత్రం ఎప్పుడూ లేనంత హుషారుగా తిరుగుతోంది. ల్యాబు చీటీలో ఇంకో రెండు పరీక్షలు రాసేద్దామా అని కూడా అనుకున్నాను. అవి ఆ మనిషిని అడగకుండా చేయకూడదు. ఆ రూలు కూడా నాకే బాగా వచ్చు.

దాంతో అడక్కుండానే అడిగి తెలుసుకుందామని బయల్దేరాను. తొమ్మిదింటికి బీపీ చూసే సాకుతో వెళ్ళి, “తాతా, మీకు ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించినారా?” అన్నాను. “లేదమ్మా,” అన్నాడు. పదింటికి దిండు సర్దుతూ, “పచ్చకామెర్లు ఏమన్నా వచ్చిండాయా?” అన్నాను. ఆయన భార్య, సన్నగా పొడుగ్గా ఉండే అవ్వ, నా మొహం వంక చూసింది. పదిన్నరకు, అప్పుడే సర్దిన దిండును మళ్ళీ సర్దుతూ, “ఒంట్లో పెద్ద జబ్బేదో ఉండాదని ఎవరైనా డాక్టరు చెప్పినారా?” అన్నాను. (నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆయన తెల్లబోయిన సంగతి చూడలేదు.) నడుమ నడుమ బాత్రూంకు పోయి వేలు చూసుకుని రావడం, రాగానే మళ్ళీ పోవాలనిపించడం. ఒక మంచం మీది మాత్ర ఇంకో మంచానికి ఇవ్వబోయి ఆగాను. కూర్చుంటే కాళ్ళు ఊగుతున్నాయి, నిలబడితే ఎటో నడిచిపోతున్నాయి.

పన్నెండున్నరకు వార్డులోకి వచ్చేసరికి మొదటి మంచం ఖాళీ. తాత చొక్కా తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, కుంటుకుంటూ మెట్ల దగ్గరికి పోయాడు. అవ్వ వెనకాలే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నడుస్తోంది. అలికిడికి సోపక్క కింది మెట్ల మీది నుంచి పైకి వచ్చారు.

“ఎక్కడికి పోతా ఉండావు పెద్దాయనా? ఆ కాలితో?”

“ఇంటికి పోతా సిస్టరమ్మా. నాకేదో పెద్ద రోగం ఉండాదంట. ఈ పాప పొద్దున నించి తిరగతా తిరగతా అదే అడుగుతా ఉండాది, చెప్పేకి మనసు రాలేదు పాపం. పోయేదేదో నా ఇంట్లోనే పోతా.”

ఆయన ఇంటికి పోతే ఆ పుండు ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన రక్తం సంగతి ఇక ఎప్పటికీ తెలియదని కూడా తెలుసు. రెండిట్లో ఏది ముందు గుర్తొచ్చిందో నిజాయితీగా చెప్పలేను. “తాతకేం లేదక్కా. నాకే సూది గుచ్చుకున్నాది. తాత రక్తం తీసిన సూది. మూత పెట్టబోయినాను,” అన్నాను. అంటూనే ఏడుపు కూడా వచ్చేసింది.

సోపక్క మొహంలో ఏమీ కదలలేదు. “ఎన్ని గంటలకి?”

“ఎనిమిదిన్నరకి.”

ఆవిడ గడియారం చూడలేదు. నా చెయ్యి పట్టుకుని సింకు దగ్గరికి తీసుకుపోయి, కుళాయి తిప్పి, వేలికి తనే సబ్బు రాశారు. “పిండొద్దు. సుమ్నే, ఊరికే అట్లా నీళ్ళు పోనీ,” అన్నారు. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి తాత పక్కన తనూ మెట్టు మీద కూర్చుని, ఆయనకు కొత్త జబ్బేమీ కనబడలేదని, ఈ పిల్ల కోసం ఇంకో రెండు పరీక్షలు చేయాలని, వద్దంటే చేయబోమని, ఏది తేలినా ఇంకెవరికీ చెప్పబోమని నిదానంగా చెప్పారు.

తాత రెండు చేతులూ నా ముందు చాపాడు. వేళ్ళ కొసలన్నీ గరుకుగా, సన్నని చుక్కలతో ఉన్నాయి. “నలభై ఏండ్లు మిషను సూదితో బతికినోణ్ణి. ఒకతూరి గోరులోంచి ఆ పక్కకి దిగింది. మాస్టరు తిడతాడని గుడ్డ చుట్టుకొని కుట్టతానే ఉన్యా. ఎనిమిది షర్టులకి నెత్తురంటింది, అన్నీ పాయ,” అన్నాడు. సంచి భార్య చేతికిచ్చి, “తీసుకో అమ్మా, ఎంత కావాల్నో తీసుకో. ఈతూరి మూత పెట్టొద్దు,” అన్నాడు. అవ్వ మాత్రం నా వంక కోపంగానే చూసింది. చూడాల్సిందే.

ఫలితం రావడానికి ఒక గంట. సోపక్క నన్ను తన గదిలో కూర్చోబెట్టి, నా టీకాల కాగితం తెప్పించి, డాక్టరుకు ఫోన్లో చెప్పి, నా రక్తం కూడా తీయించి, చిత్రాన్నం డబ్బా ముందుకు తోశారు. నేను లేచి నడుస్తున్నాను, కూర్చుంటున్నాను, మళ్ళీ లేస్తున్నాను. “తిట్టండక్కా,” అన్నాను చివరికి. “గుచ్చుకొనిందానికి తిట్టను. నాలుగు గంటలు దాచినావే, దానికి తిడతా. తిను ముందు,” అన్నారు. తిన్నాక తిట్టారు. అంత చక్కగా నన్నెవరూ తిట్టలేదు. ఆ తర్వాత ప్రమాదం ఎలా జరిగిందో రాసే ఫారంలో నేను ‘సూది జారినందువల్ల’ అని రాస్తే కొట్టేసి, ‘మూత పెట్టబోయినందువల్ల, డబ్బా దూరంగా ఉన్నందువల్ల’ అని రాయించారు. డబ్బా అక్కడ పెట్టించింది తనేనని రాసి దాని కింద తన సంతకం పెట్టారు. సాయంత్రానికల్లా ప్రతి ట్రాలీకి ఒక డబ్బా వచ్చింది.

తాత రక్తంలో ఏ దోషమూ లేదు. ఆ మాట ల్యాబు నుంచి వినబడగానే నేను సోపక్కను కావలించుకోబోయాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, “చేతులు కడుక్కో,” అన్నారు. తాత ఇంకో పన్నెండు రోజులుండి, పుండు మానుముఖం పట్టాక ఇంటికి వెళ్ళాడు.

ఇప్పుడు వైట్‌ఫీల్డులో ఒక పెద్ద ఆసుపత్రిలో సోపక్క చేసిన పని నేను చేస్తున్నాను. (నాకేం పేరు పెట్టారో తెలుసు, ఇక్కడ రాయను.) కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ ఈ కథ చెబుతాను. గుచ్చుకుంటే సిగ్గుపడొద్దు, ఆ నిమిషమే వచ్చి చెప్పండి అంటాను. వాళ్ళు నవ్వుతారు, రాసుకుంటారు. ఒకటి మాత్రం ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎంతసేపు దాచారు మేడం అని ఎవరో ఒకరు అడుగుతారు. “ఒక పది నిమిషాలు ఉంటుందేమో,” అంటాను. ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయి పరువు ఇంకా నేనే కాపాడుతున్నాను.