రోజు చెప్పిన పిలుపు

మా ఇంట్లో ఎవరూ కొసరు అడగరు. కూరగాయల బండి దగ్గర తూకం అయిపోయాక పక్కింటివాళ్లు రెండు మిరపకాయలో, ఇంత కొత్తిమీరో అడిగి వేయించుకుంటారు. మా అమ్మ సంచి మూతి ముడిచి ఇంటికి నడుస్తుంది. బాపు బస్సెక్కి నిలబడితే హైదరాబాదు దాకా నిలబడే వెళ్తాడు. "జర జరుగుండ్రి" అని ఎవరితోనూ అనడు. హాస్టల్లో వడ్డించేవాడు నా పళ్లెంలో కూర వేయడం మరిచిపోతే నేను ఉత్త అన్నం తిని లేచిన రోజులున్నాయి. మాది అలాంటి ఇల్లు.

ఇల్లంటే మోత్కూర్‌కీ తిరుమలగిరికీ నడుమ ఒక ఊళ్లో ఉన్న గడి, వెనకటి దొరల కోటలాంటి ఇల్లు. వెనక భాగం ఎప్పుడో కూలింది. దర్వాజ, నడిమి వాకిలి, వంటిల్లు, రెండు గదులు నిలిచాయి. భూములు తాతల కాలంలోనే పోయాయి, కొన్ని చట్టం వల్ల, కొన్ని మావాళ్ల చేతగానితనం వల్ల. మిగిలిన మెట్ట చెలకను బాపు తానే దున్నుకునేవాడు. అయినా పొద్దున లేవగానే గంజి పెట్టిన ధోతి కట్టుకుని, దర్వాజ పక్కన కుర్చీలో వెన్ను వాల్చకుండా కాసేపు కూర్చోవలసిందే. నేను ఆయనకు ఒక్కతే బిడ్డను.

రాష్ట్రం వచ్చి కొన్నేళ్లయ్యాక నల్లగొండలోని విశ్వవిద్యాలయంలో డిజిటల్ కంటెంట్ చదువు మొదలుపెట్టారు. అందులో చేరతానని బాపుకు చెప్పాను.

"అదేం సదువు బిడ్డా?"

"వీడియోలు తీసుడు, మాటలు రాసుడు, జనానికి చేరేసుడు బాపు."

"అంటే చాటింపేసుడు."

"అసొంటిదే."

"మన ఇంట్ల చాటింపు ఏపిచ్చినోళ్లే గని ఏసినోళ్లు లేరు," అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి నా పెట్టె దించి దుమ్ము తుడిచాడు. ఒప్పుకున్నట్టే.

చదువు నాకు పట్టుబడింది. ఫోను నిలువుగా ఎప్పుడు పట్టాలి, అడ్డంగా ఎప్పుడు పట్టాలి, కాలర్ మైకులో గాలి హోరు పడకుండా ఏం చేయాలి, కిటికీ వెలుగును ముఖం మీదికి ఎలా తిప్పుకోవాలి, అన్నీ చేసి నేర్చుకున్నాం. ఎడిటింగ్‌లో నాకు మంచి పేరుండేది. ఎక్కువ మాట వినిపిస్తే నాకు మొదటినుంచీ చిరాకు, నిర్దాక్షిణ్యంగా కోసేసేదాన్ని. మా సార్ ఒకప్పుడు టీవీలో పనిచేసినవాడు. నా కోత చూసి తలూపేవాడు.

చివరి ఏడాది వచ్చింది చిక్కు. ఇద్దరిద్దరు జోడీగా ఒక ఛానల్ నడపాలి. ప్రతి వీడియో చివర చేసినవాళ్లు తమ ముఖంతో, తమ నోటితో చూసేవాళ్లను ఏదో ఒకటి అడగాలి. సబ్‌స్క్రైబ్ చేయమనో, పదిమందికి పంపమనో. "అడగనోనికి ఎవ్వడు పెట్టడు," అని సార్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. ఆ చివరి ముక్క లేని ప్రాజెక్టును వెనక్కి పంపుతానన్నాడు. ప్రాజెక్టు వెనక్కి వస్తే పట్టా ఆగుతుంది.

నాకు జోడీగా పడిన అమ్మాయిది మోత్కూర్ పక్క ఊరు. గొర్ల కాపరుల ఇల్లు. చదువులో చేరకముందే వాళ్ల నాయిన మందను ఫోన్లో తీసి పెట్టేది. అడగడం ఆమెకు ఊపిరి తీసినంత తేలిక. "ఇంతసేపు మా గొర్లను జూసిండ్రు గద, ఒక్క సబ్‌స్క్రైబ్ కొట్టుర్రి, మీ సొమ్మేం పోతది!" అని నవ్వేది. జనం కొట్టేవాళ్లు. నన్ను మొదటి రోజు నుంచీ దొరసాని అనే పిలిచింది. నేను పలికేదాన్ని. నిజమైన మాటకు పలకడానికి నాకేం అభ్యంతరం?

మా వైపు వంటలు చూపిద్దామన్నది, మా గడి వంటింట్లో తీద్దామన్నది ఆమె ఆలోచనే. పైన గవాక్షిలోంచి పడే వెలుగు ఏ లైటుకూ రాదంది. వచ్చిన రోజు దర్వాజ దగ్గర కాసేపు ఆగింది.

"ఈడికి వస్తున్నట్టు మా నాయినకు చెప్పలే," అంది. "సిన్నప్పుడు మా తాత ఎంబడి గొర్రెపిల్లను పట్టుకొచ్చి గీ దర్వాజ ముంగటనే నిలవడ్డడట. ఆనాటి సంది గీ దిక్కు మందను గూడ తోలడు."

నేను లోపలికి తీసుకెళ్లాను.

ఆ రోజు పచ్చిపులుసు తీశాం. ఫ్రేములో అమ్మ చేతులు మాత్రమే. చింతపండు పిసికింది, ముందే కాల్చి పెట్టుకున్న మిరపకాయలు, ఉల్లిగడ్డ, ఉప్పు కలిపి నలిపింది, పైన నువ్వుల పొడి చల్లింది. పొయ్యి అవసరం లేని వంట కాబట్టి పొగ లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఇక చివరి ముక్క నాది. కెమెరా ముందు నిలబడ్డాను.

"అను దొరసానీ. నచ్చితే సబ్‌స్క్రైబ్ చేయండి. గంతే."

నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్లీ తీసింది. మళ్లీ రాలేదు.

"ఏమైతాంది నీకు? నాలిక మీద ముల్లు గుచ్చుకున్నదా?"

"మా ఇంట్ల ఎవ్వలు అడగలే. ఎన్నడు అడగలే," అన్నాను.

ఆమె ఫోను మీంచి తలెత్తింది. "నిజమే. అడగలే. మా తాత గొర్రెపిల్లలు వాటంతటవే నడుసుకుంట మీ గడికి వచ్చినయి. తొవ్వ తెలుసు గద వాటికి."

గిన్నెలో అమ్మ చేయి ఆగింది. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. మా ఇంట్లో దాన్ని "తెచ్చి ఇస్తుండె" అని చెప్పుకునేవాళ్లు.

"పగటీలి దర్వాజ కాడికి వచ్చినోళ్లకు అన్నం పెట్టిన ఇల్లు గూడ ఇదే," అన్నాను.

"పెట్టిండ్రు. ఎవలి వడ్లు?"

"వెలుగు పోతాంది. తీసేదుంటె తియ్యుండ్రి బిడ్డా," అంది అమ్మ, గిన్నె వైపే చూస్తూ.

నేను వెన్ను సరిచేసుకుని కెమెరాలోకి చూశాను. నాకు చేతనైన మాట ఒక్కటే ఉంది, అదే అన్నాను. "వచ్చే ఆదివారం మా ఇంటికి పగటి భోజనానికి రండి. పచ్చిపులుసు పోస్తాం. కడుపు నిండా తిని పొండి." ఊరి పేరు కూడా చెప్పాను.

అందరూ వీడియోల చివర "మా ఊరికి రండి" అంటారు. వచ్చేవాడెవడూ ఉండడు, అన్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మా ఇంట్లో రోజు చెప్పని పిలుపును పిలుపుగా లెక్కపెట్టరు. అందుకే రోజు చెప్పాను. నా జోడీ ఫోను ఆపి, "ఇది గమ్మతున్నది," అంది. ఆ సాయంత్రమే పెట్టేశాం.

రెండో రోజుకల్లా దాని కింద ఒకటే ప్రశ్న. నిజంగనా అక్కా? లొకేషన్ పెట్టు అక్కా. పిల్లలను తోలుకురావచ్చా? సార్ నన్ను గదిలోకి పిలిచాడు.

"పిలుపు మంచిగున్నది. గని నిజంగ వస్తే? ఆదివారం అన్న మాట కోసెయ్ అమ్మా. ఎప్పుడన్న రండి అను, ఎవ్వరు రారు."

"ఎవ్వరు రారని తెలిసి పిలుసుడు అబద్ధం గద సార్."

ఆయన బుగ్గ గోక్కున్నాడు. "నీ ఇష్టం. నేనైతే రాను. ఆదివారం మా అత్తగారింట్ల దావత్ ఉన్నది."

బాపుకు ఫోను చేశాను. చెప్పిందంతా విన్నాడు.

"పిలిసినవా?"

"పిలిసిన బాపు."

"ఎవలి పేరు మీద?"

"మన ఇంటి పేరు మీద."

అవతల కోళ్ల చప్పుడు వినిపించింది. "ఎందరొస్తరు?"

"తెల్వది."

"తెల్వకుంటె ఎక్కువే వండాలె," అని పెట్టేశాడు.

నాకు భయం వేసింది. మార్కుల సంగతి పక్కకు పోయింది. పిలిచిన మనిషి ఉత్త కడుపుతో మా దర్వాజ దాటితే బాపు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోడు. ఇంట్లో ఉన్నవి మేం పండించిన బియ్యం, చింతపండు, కందిపప్పు. పెద్ద గుండిగలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. టెంటు దుకాణం నుంచి తెద్దామా అని అమ్మ సందేహపడింది. "కిరాయికి తెచ్చుడు అడుక్కచ్చుడు గాదు," అని బాపు తీర్పు చెప్పాడు. ఉల్లిగడ్డలు కోయడానికి ఎవరినీ పిలవలేదు. శనివారం మధ్యాహ్నం నా జోడీ తనే కత్తిపీట సంకన పెట్టుకుని దిగింది. "నన్ను అడుగుతరని సూస్తె తెల్లారుతది," అంటూ వాకిట్లో కూర్చుంది.

ఆదివారం ఎండెక్కేదాకా ఎవరూ రాలేదు. బాపు కుర్చీలో ఉన్నాడు. అమ్మ గుండిగ మీద మూత తీయడం, పెట్టడం. మొదట ఒక మోటారుసైకిల్ వచ్చి ఆగింది. అచ్చంపేట వైపు కుర్రాళ్లిద్దరు, అంత దూరం నుంచి వచ్చారు. ఫోను ఎత్తి పట్టుకునే దిగారు.

"అక్కా, నిజంగనే పెడుతున్నరా? లేకుంటె కంటెంటా?"

నా కంటే ముందు బాపే బదులిచ్చాడు. "ఇస్తారి ముంగట కూసోండ్రి, తెలుస్తది. ఆ ఫోన్లు జేబుల వెట్టుండ్రి. తినేటోళ్ల మొకం తియ్యద్దు."

తర్వాత ఆటోలు వచ్చాయి. తిరుమలగిరి నుంచి ఒక ముసలి జంట, మోత్కూర్ మార్కెట్ హమాలీలు, పిల్లలతో ఆడవాళ్లు, ఆ వీడియో చూడనే చూడని మా ఊరివాళ్లు. వెనకటికి మా గడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పకుండానే తెలిసేది. కొందరు వాకిట్లో, కొందరు దర్వాజ అవతల. బాపు పొద్దున్నే చాపలన్నీ దర్వాజ నుంచి వంటింటి గడప దాకా ఒకటే వరుసగా పరిచాడు. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. అన్నం తనే వడ్డించాడు. నేను పప్పు, నా జోడీ పచ్చిపులుసు.

రెండు వరుసలు లేచాక నా జోడీ చేతిలో గరిటె ఆగింది. దర్వాజ అవతల ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. భుజం మీద గొంగడి, తెల్లటి మీసం.

"మా నాయిన," అంది మెల్లగా. "నేను చెప్పలే. వీడియో సూసిండట. ఉత్త చేతులతోని పోయి సూసొస్తనని పొద్దుగాల అవ్వతోని అంటుండె."

నేను ఆయన చేతులు చూశాను. కర్ర కూడా లేదు.

బాపు అన్నం పళ్లెం నాకిచ్చి దర్వాజ దాకా నడిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆదివారమన్నరు గద," అన్నాడు ఆయన.

"ఔ, ఆదివారమే అన్నం. రాండ్రి."

ఆయన గడప దాటి వచ్చి, వరుసలో మా ఊరివాళ్ల నడుమ చాప మీద కూర్చున్నాడు. బాపు వంగి అన్నం పెట్టాడు. ఆయన తొందర లేకుండా తిన్నాడు. సగం తిన్నాక తలెత్తి, వాకిలంతా వినబడేలా అన్నాడు, "పచ్చిపులుసు ఇంకింత పొయ్యుండ్రి."

నా జోడీ కదలబోయింది. బాపు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. మళ్లీ వంగాడు.

"అడుగుకెళ్లి తియ్యుండ్రి. పైన ఉత్త నీళ్లే ఉంటయి. ఉల్లిగడ్డ రావాలె."

వరుసలో ఒకళ్లిద్దరు తినడం ఆపి చూశారు. బాపు గరిటెను అడుగు దాకా ముంచి, కలిపి, ఉల్లిగడ్డతో పోశాడు. "సాలు," అనేదాకా పోశాడు. నా వెనక నా జోడీ ముక్కు ఎగబీల్చింది. ఉల్లిగడ్డల ఘాటు అంది. మేం వాటిని కోసింది నిన్న.

ఎవరూ ఉత్త కడుపుతో పోలేదు. చివరికి మాకు అన్నం, ఉప్పు మిగిలాయి.

చేతులు కడుక్కుని పోతూ నా జోడీ వాళ్ల నాయిన బాపు ముందు ఆగాడు. "బుధారం మా మంద చెరువు కింది చెలకల ఆగుతది. పగటీలికి రాండ్రి," అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రోజు చెప్తున్న మల్ల."

మా ఇంటి మగవాళ్లు అలా ఒకరి మంద దగ్గరికి భోజనానికి వెళ్లిన దాఖలా లేదు. బాపు ధోతి అంచు సర్దుకున్నాడు. "వస్త," అన్నాడు.

సార్ మా ప్రాజెక్టును వెనక్కి పంపలేదు. ఇది అడగడం కిందికి వస్తుందా, పిలవడం కిందికి వస్తుందా అని చాలా ఆలోచించానని, కొన్ని మార్కులు కోసి మిగిలినవి వేశానని చెప్పాడు. నేను మార్కులు పెంచమని అడగలేదు.

బుధవారం నేను ఇంట్లోనే ఉన్నాను. బాపు ఉతికిన ధోతి కట్టుకుని బయలుదేరాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఉత్తగ ఎట్ల పోతరు? ఇంత బెల్లమన్న, బియ్యమన్న కట్టియ్యాల్నా?"

బాపు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అడిగాడు. "ఆయన ఏం తెచ్చిండు?"

"ఏం తేలే."

"అయితే నేను గూడ ఏం కొంచపోను," అని రెండు చేతులు ఊపుకుంటూ దర్వాజ దాటాడు.