వాక్యం వచ్చీ తప్పు చెప్పిన పిల్ల

మా తాత ఇచ్చిన స్థలంలో కట్టిన చర్చి అది. పొలాలు పోయి, ఇల్లు పోయి, పంతొమ్మిదివందల డెబ్బైలు వచ్చేసరికి ఆ ఊళ్ళో మాకు మిగిలింది చర్చి ముందు వరుసలో ఒక కుర్చీ మాత్రమే. నేను పటమటలో ఒక గది అద్దెకు తీసుకుని బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. ప్రతి ఆదివారం కంకిపాడు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళేదాన్ని. సండే స్కూలు చెప్పడానికి వెళ్తున్నానని అందరితో అనేదాన్ని. ఆ కుర్చీ కోసం కూడా వెళ్తున్నానని ఎవరితోనూ అనలేదు.

ఆ కుర్చీని దులిపి పెట్టేది మా యువజన నాయకుడు. పాతికేళ్ళు దాటి ఉంటాయి. మంచి గొంతు, హార్మోనియం వాయించేవాడు, పిల్లలు "అన్నా, అన్నా" అని వెంటపడేవారు. నన్ను చూడగానే చేతిరుమాలుతో కుర్చీ తుడిచి, "కూర్చోండమ్మా, మీ తాతగారి చలవే ఇదంతా" అనేవాడు. ఊళ్ళో ఆ మాట అనేవాడు అతనొక్కడే. అతను మంచివాడనడానికి నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది.

ఆ ఏడాది బైబిలు కంఠత వాక్యాల పోటీకి నా తరగతిలోంచి ఒక పిల్లను ఎంచాము. పదకొండేళ్ళుంటాయి. తండ్రి లేడు, తల్లి నాట్లకూ కోతలకూ వెళ్ళేది. ఒక్కసారి వింటే చాలు, ఆ పిల్ల అధ్యాయం మొత్తం అప్పజెప్పేది. పోటీ పిల్లలకు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి చర్చి పక్కనే, సామాను పెట్టుకునే వెస్ట్రీ గదిలో అతను ప్రాక్టీసు చేయించేవాడు.

రెండు వారాలకే ఆ పిల్ల తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేది. నాకు కోపం వచ్చింది. మూడు ఆదివారాలు గోడ దగ్గర నిలబెట్టాను. "పొగరెక్కిందా నీకు?" అని కూడా అన్నాను. నాలుగో ఆదివారం అతను వచ్చి, "ఆ పిల్లను నాకు వదిలేయండమ్మా. ఇవాళ మిగతావాళ్ళను పంపేసి దానికొక్కదానికే నేర్పిస్తా" అన్నాడు.

"అలాగే చెయ్యి" అన్నాను. ఈ మాట నేనే అన్నాను. అందుకే రాస్తున్నాను.

తరగతి అయ్యాక పుస్తకాలు సర్దుకుంటుంటే కిటికీ అవతల అరుగు మీద ఒక చిన్నపిల్ల వాక్యం అప్పజెప్పుకుంటూ తడబడింది. పక్కనుంచి ఎవరో అందించారు. ఆగకుండా, ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకుంటూ, చివరిదాకా. తొంగి చూస్తే ఆ పిల్లే.

లోపలికి పిలిచాను. "వచ్చుగా నీకు?"

తల దించుకుంది.

"వచ్చినదాన్ని రానట్టు ఎందుకు చెబుతున్నావే?"

"తప్పులు చెబితే పోటీలోంచి తీసేస్తారుగా టీచరుగారూ."

"తీసేస్తే?"

"వెస్ట్రీలోకి వెళ్ళక్కర్లేదు. మిగతావాళ్ళు వెళ్ళాక అన్న నన్నుంచి తలుపేస్తాడండీ. నాకు భయం. మా అమ్మకు చెప్పొద్దండీ" అంది.

మరో రెండు మాటలు చెప్పింది. అవి ఇక్కడ రాయను. నేను గుచ్చి గుచ్చి అడగలేదు. "ఎవరికీ చెప్పనని మాత్రం నీకు మాటివ్వలేనమ్మా. నువ్వు చేసిన తప్పేమీ లేదు. గోడ దగ్గర నిలబెట్టిన తప్పు నాది" అన్నాను. అప్పటికి పన్నెండు దాటింది. మూడింటికి ప్రాక్టీసు.

ముందు తల్లి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ అంతా విని, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, "నా పిల్ల అబద్ధం చెప్పదు. కానీ మా మాటెవరు వింటారమ్మా? ఆ బాబంటే ఊరందరికీ ప్రాణం" అంది.

వినవలసినవాడు చర్చి సంఘ కార్యదర్శి. ఒకప్పటి మా గుమస్తా కొడుకు. ఇప్పుడు రైసుమిల్లు ఆసామి, మా ఇల్లు కొన్నదీ అతనే. ఆ ఇంటి గడప తొక్కననీ, అక్కడ పచ్చి మంచినీళ్ళయినా ముట్టననీ తొమ్మిదేళ్ళుగా పట్టుబట్టి ఉన్నాను. చర్చిలో ఎదురుపడినా తల పక్కకు తిప్పుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను. గేటు అదే కిర్రుమనే గేటు.

అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. "అమ్మాయిగారా!" అన్నాడు, చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి.

నిలబడే చెప్పాను. మధ్యలో ఒక్కసారీ అడ్డురాలేదు. అయ్యాక ఒకటే అడిగాడు: "ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?"

"తల్లి దగ్గర."

"మంచిది. నేను నమ్ముతున్నానండీ. తొమ్మిదేళ్ళు నా మొహం చూడనివారు మా గుమ్మంలోకి వచ్చారంటే ఊరికే రారు."

మా నాన్న కూర్చునే బల్ల మీదే కూలబడ్డాను. అతని భార్య మజ్జిగ తెచ్చి ఇస్తే గడగడా తాగేశాను. తాగాక గుర్తొచ్చింది నా పట్టుదల. సిగ్గు వేయలేదు. గుండె మీంచి ఏదో దిగినట్టయింది.

ఒంటిగంటన్నరకు పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళాము. అయ్యగారు చాలాసేపు చేతులు పిసుక్కున్నారు. "ఆడపిల్ల వ్యవహారం. నలుగురికీ తెలిస్తే దానికే నష్టం. అతన్ని నెమ్మదిగా వేరే సంఘానికి పంపించేద్దాం."

"ఆ సంఘంలో పిల్లలుండరా అయ్యగారూ?" అన్నాడు కార్యదర్శి.

అయ్యగారి బల్ల మీద కాగితాలే తీసుకుని నేను రాశాను. పిల్ల చెప్పింది చెప్పినట్టు, నేను కల్పించింది ఏమీ లేకుండా. కింద మా ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం పెట్టాను. ఆ పేరు ఎందుకూ పనికిరాదని అప్పటికి నాకు తెలుసు. అయినా పెద్ద అక్షరాలతోనే పెట్టాను. కార్యదర్శి తన సంతకం చేసి, "కబురు పెట్టి ఆ తల్లిని పిలిపించండి, ఆవిడ ఒప్పుకుంటేనే పోలీసులకిద్దాం" అన్నాడు. ఆవిడ వచ్చి, నేను చదివి వినిపిస్తే విని, వేలిముద్ర వేసింది. చివరికి అయ్యగారు కూడా పెన్ను అందుకున్నారు.

మూడింటికి వెస్ట్రీ దగ్గర అతను తాళంచెవి తిప్పుకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వాడు. కార్యదర్శి చెయ్యి చాపి, "తాళాలివ్వు" అన్నాడు. అంతే. సాయంత్రానికి కాగితం పోలీసు స్టేషనుకు చేరింది. మర్నాడు అతన్ని తీసుకెళ్ళారు. వారం తిరిగేలోగా మరో ఇద్దరు పిల్లల తల్లులు నోరు విప్పారు.

తర్వాతి ఆదివారం నా కుర్చీ దుమ్ముతోనే ఉంది. దాన్ని నేనే ఎత్తుకుని తరగతిలోకి తీసుకుపోయి కిటికీ పక్కన వేసుకున్నాను. అక్కడినుంచి వెస్ట్రీ కనబడేది. కార్యదర్శి వడ్రంగిని పిలిపించి దాని తలుపు రెక్కలు ఊడదీయించాడు. లోపలి బీరువా, హార్మోనియం, గోడ మీది క్యాలెండరు అన్నీ బయటికి కనిపిస్తున్నాయి.

తల్లి కొంగు పట్టుకుని ఆ పిల్ల వచ్చింది. నేనేమీ అడగలేదు. వెనక వరుసలో కూర్చుని ఆ తలుపు లేని గుమ్మాన్ని చాలాసేపు చూసింది. మిగతావాళ్ళంతా అప్పజెప్పడం అయ్యాక లేచి నిలబడి, "నేను చెప్పనా టీచరుగారూ?" అంది.

ఒక్క తప్పు లేదు.