పచ్చరంగులో పడిన జాగా

ఆ వీధిలో ఆమెను అందరూ ఇటుకలక్క అనేవారు. మెయిన్ రోడ్డు పక్కన సొంత జాగాలో సిమెంటు ఇటుకలు పోయించి అమ్మేది. ఒక్క ఇటుక అంచు విరిగినా పనివాళ్ల ప్రాణం తీసేది. మామగారు పోయేముందు కొడుకులిద్దరికీ చెరో జాగా ఇచ్చాడు. పెద్దవాడికి రోడ్డు పక్కది, దాన్ని కోడలి పేరునే రాశాడు; చిన్నవాడికి వెనక వాగు వైపుది. పెద్దవాడు, అంటే ఆమె భర్త, బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. చిన్నవాడు స్థలాల బ్రోకరు. అన్నకు లేని నాలుక కూడా వాడికే ఉంది.

ఒకరోజు ఆ మరిది ఇంటికొచ్చి, రోడ్డు మీద లారీ ఆపిన ప్రతిసారీ వదిన పడే మాటలు వినలేకపోతున్నానన్నాడు. వెనక జాగా ఇంకా పెద్దది, నీళ్లూ దగ్గరే, మార్చుకుందామన్నాడు. భర్త పొంగిపోయాడు. ఆమెకూ నచ్చింది. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మరిదే పెట్టుకున్నాడు. ఇటుకల పని వాగు పక్కకు మారింది.

వానలు తగ్గీ తగ్గకముందే రాష్ట్రమంతటికీ కొత్త భూవినియోగ ప్లాన్ వచ్చింది. ఎక్కడ ఇళ్లు కట్టుకోవచ్చో, ఎక్కడ దుకాణాలు పెట్టుకోవచ్చో, ఎక్కడ ఏమీ కట్టకూడదో రంగులు వేసి మునిసిపల్ ఆఫీసు గోడకు అంటించారు. రోడ్డు పక్కదంతా ఎర్రరంగు, ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. వాగు పక్కదంతా పచ్చరంగు. అక్కడ రేకుల షెడ్డు కూడా వేయకూడదు, ఇటుకల పని అసలే కుదరదు. ఇక ఆ జాగా వైపు కొనేవాడు కన్నెత్తి చూడడు.

ప్లానింగ్ ఆఫీసరు ఆమె చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు. వాగు పొంగితే ఊరు మునగకుండా వదిలిన ఖాళీ అది, మార్చలేమన్నాడు. ఆ మాటను ఆమె కాదనలేకపోయింది. లేవబోతుంటే ఆయనే అన్నాడు. "ముసాయిదా చాన్నాళ్ల కిందటే తయారైందమ్మా. మీ మరిదిగారు వచ్చి చూసుకెళ్లారే. ఆయన చెప్పలేదా?"

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. అక్కణ్నుంచి నేరుగా మరిది ఇంటికి వెళ్లింది. అతను భోంచేస్తున్నాడు, అత్తగారు వడ్డిస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలిసినవన్నీ చెప్పుకుంటూ పోతే వ్యాపారం సాగుతుందా వదినా? సంతకం నువ్వే పెట్టావుగా."

"నేను సంతకం పెట్టింది వ్యాపారిని చూసి కాదురా, మరిదిని చూసి."

అత్తగారు గరిటె కింద పెట్టింది.

ఇష్టపడి రాసిచ్చింది కోర్టులో నిలబడడం కష్టమన్నాడు లాయరు. తమ్ముడేగా, పోనిద్దూ అన్నాడు భర్త. ఆమె ఆయనతో మాటలు మానేసింది. ఇటుకల పని ఆపమని నోటీసొచ్చింది. అచ్చులన్నీ లారీకెక్కించి ఊరి బయట అద్దె జాగాకు మార్చుకుంది.

మరిది ఒక బిల్డరుతో కలిసి రోడ్డు పక్క జాగాలో అపార్ట్‌మెంట్ల బోర్డు లేపాడు. బుకింగ్ ఆఫీసు తెరిచిన రోజునే ఆమె ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట, తిట్టకుండా, ఏడవకుండా చెప్పింది. "ఇది నా జాగా. మా మరిది ప్లాన్ ముందే చూసి, నా దగ్గర దాచి మార్చుకున్నాడు. మీ దగ్గర ఏం దాస్తున్నాడో అడిగి కొనుక్కోండి."

కొందరు వచ్చిన దారినే వెళ్లిపోయారు. మరిది పోలీసుల్ని పిలిపించాడు. స్టూలు మీద కూర్చోవడం నేరం కాదన్నాడు కానిస్టేబులు. అప్పుడు అన్నచేత కబురు పంపాడు, ఒక చిన్న ఫ్లాటు ఇస్తాను, లేవమని.

"ఈ మాట మోసుకురావడానికి మీకు నేనే దొరికానా?" అంది, మాటలు మానేసిన భర్తతో. ఆయన తలదించుకుని వెనక్కెళ్లాడు.

ఆ మర్నాడు అత్తగారు చిన్నకొడుకు ఇంట్లోంచి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి కోడలి పక్కన వేసుకుంది. మరిది పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, లోపలికి పద. నలుగురూ చూస్తున్నారు."

"చూడాలనే కూర్చున్నాను."

బిల్డరు బెదిరి తప్పుకున్నాడు. మరిది ఆ జాగాను వచ్చిన రేటుకు ఇంకొకరికి వదిలించుకున్నాడు. వాళ్లు కట్టనే కట్టారు, జనం చేరనే చేరారు. ఇటుకలక్క జాగా ఇటుకలక్కకు రాలేదు. అత్తగారు మాత్రం పెట్టె సర్దుకుని పెద్దకొడుకు ఇంటికి వచ్చేసింది. తమ్ముడి గుమ్మం తొక్కడం ఆయనా మానేశాడు. వాగు పక్కన ఇప్పుడు గడ్డి మొలిచింది, ఎవరివో గేదెలు మేస్తున్నాయి.

కోపం ఇంకా తగ్గలేదా అని ఎవరైనా అడిగితే, తగ్గడానికి ఏం జరిగిందో చెప్పమంటుంది.