కళాయి పోయిన గిన్నె

మా మనవరాలు ఏ పొట్లం కొన్నా వెనక్కి తిప్పి అక్కడి సన్న అక్షరాలు చదువుతుంది. "అవ్వా, గిది తినకు, గిండ్ల ఏమేమో మందులు కలుపుతరు" అంటుంది. మొహానికి రాసుకునే క్రీమును కూడా వదలదు. ఇంట్లో అందరూ దాన్ని ఆటపట్టిస్తారు. నాకు మాత్రం నవ్వు రాదు. తిండిలోకి విషం ఎట్లా వస్తుందో చూసినదాన్ని నేను. మా ఇంట్లో దాన్ని ఎవరూ కలపలేదు. మా అమ్మ తోమి తోమి మెరిపించిన గిన్నెలోంచే వచ్చింది.

రామన్నపేట దగ్గర మా ఊరు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంజులు, చెంబులు ఇంట్లో ఉండేవి. వాటితోపాటు మా చెల్లెకు మేనమామ ఇచ్చిన చిన్న గిన్నె ఒకటి ఉండేది. ఇత్తడికి పులుసుగానీ సల్లగానీ, అంటే మజ్జిగగానీ, తగిలితే చిలుము పుట్టి తిండి విషమవుతుంది. అందుకని లోపలంతా తగరం పూత వేయిస్తారు. అదే కళాయి. అది అరిగినప్పుడల్లా మళ్లీ వేయించుకోవాలి.

ఆ పని చేసే ముసలి సాయిబు ఏటా ఎండాకాలం నల్గొండ నుంచి వచ్చేవాడు. అమ్మ మామా అని పిలిచేది, మేం తాతా అనేవాళ్లం. వాకిట్లో చిన్న గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి ఊదేవాడు. కాలిన గిన్నెలో నవసాగరం చల్లితే ఘాటు పొగ లేచేది. తుమ్ముకుంటూ పరుగెత్తి, మళ్లీ అక్కడికే వచ్చేవాళ్లం. కరిగిన తగరాన్ని దూదితో ఒక్క తిప్పు తిప్పేసరికి పసుపు గిన్నె లోపలంతా తెల్లబడేది. చెల్లె గిన్నెకే ముందు వేయాలి. లేకపోతే అది అక్కడే కూలబడి రాగం తీసేది. "మా దొరసాని గిన్నె అయినంకనే కడమవి" అనేవాడు తాత.

పనయ్యాక అమ్మ ఆయనకు సల్ల పోసేది. ఆయన సంచిలోంచి సొంత డబ్బా తీసి పడితే, అమ్మ చెయ్యి తగలకుండా ఎత్తి పైనుంచి పోసేది. అప్పటి రివాజు అది. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు.

తర్వాత రోజులు చెడ్డాయి. ఊళ్ల మీద పడి దోచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఇత్తడి కనబడితే ఎత్తుకుపోతున్నారని విని, మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టి పొలం దగ్గరి మోటబావిలో దించాడు. చెల్లె తన గిన్నె కోసం నేలమీద పడి పొర్లింది. ఆ తర్వాత మట్టిచిప్పలో ఏం పెట్టినా మూతి తిప్పుకునేది. అసలే తిండికి కరువైన రోజులు. పిల్ల పుల్లలా అయిపోయింది.

పోలీసు చర్యకు వచ్చిన మిలటరీ లారీలు నార్కట్‌పల్లి మీదుగా పోయాయని, ఇక భయం లేదని కబురొచ్చిన తర్వాత బాపు బావిలో దిగి సంచి బయటికి తీశాడు. గిన్నెలన్నిటికీ పచ్చటి చిలుము అట్టలు కట్టింది. అమ్మా నేనూ చింతపండూ ఇటుకపొడీ పెట్టి పొద్దంతా తోమాం. అప్పటికే అరిగిన కళాయి ఆ తోముడుకు పూర్తిగా పోయింది. లోపలా బయటా ఒకటే పసుపు. అంత మెరుపు ఆ గిన్నెలకు ఎన్నడూ లేదు.

"మామ వచ్చి కళాయి పెట్టేదాంక ఈ గిన్నెలల్ల పులుపు పొయ్యొద్దు" అని అమ్మే అన్నది. ఆయన్ని పిలుచుకు రమ్మని బాపును నల్గొండ పంపింది. బాపు ఒక్కడే తిరిగొచ్చాడు. "వస్తడట, జర పనిల ఉన్నడట" అన్నాడు.

అది అబద్ధం. తాత ఇంటికి తాళం పడింది, ఆ గల్లీయే ఖాళీ అయింది. పోలీసు చర్య తర్వాత, దోచుకున్నవాళ్ల మీది కోపంతో, ఎవరికీ ఏ అపకారం చెయ్యని సాయిబుల మీద కూడా చేతులు పడ్డాయి. ఆయన బతికి ఉన్నాడో లేదో చెప్పేవాళ్లే బాపుకు దొరకలేదు. అమ్మ ఏడుస్తుందని దాచాడు. బాపు మంచివాడే, కానీ ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజం చెప్పి ఉంటే చెల్లె గిన్నెను అమ్మ మళ్లీ సంచిలో కట్టేసి ఉండేది.

చెల్లె దాన్ని చేతిలోంచి వదల్లేదు. పక్కలో పెట్టుకుని పడుకుంది. అందులో పోస్తేనే తాగుతానని మొండికేసి పస్తు పడుకుంది. బక్కచిక్కిన పిల్ల పస్తుంటే ఏ తల్లి చూడగలదు? "మామ రేపో మాపో వస్తడు. గంతల ఏం గాదు" అనుకుంటూ అమ్మ అంబలిలో సల్ల కలిపి ఆ గిన్నెలో పోసింది. చెల్లె ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. అమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇక రోజూ అదే. సగం తాగి, మిగిలింది మధ్యాహ్నానికని అందులోనే మూతపెట్టి దాచుకునేది.

కొన్నాళ్లకు వాంతులు పట్టుకున్నాయి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. దిష్టి తీశారు. పక్కింటి అవ్వ వచ్చి చూసి, "వేడి జేసింది, పుల్లటి సల్ల తాపు" అన్నది. అమ్మ తాపింది. చెల్లె వేరే గిన్నె ముట్టదు కాబట్టి ఆ గిన్నెతోనే తాపింది. తగ్గలేదని మళ్లీ తాపింది. ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మందు అనుకుని పోసింది మా అమ్మ.

బండి కట్టి నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు. దారంతా చెల్లె ఆ గిన్నెను పట్టుకునే ఉంది. డాక్టరు దాన్ని తీసుకుని లోపల గోటితో గీసి, పచ్చటి చిలుము గోటికి అంటడం చూశాడు. ఆ గోరు అమ్మకు చూపించాడు. ఆ సాయంత్రమే చెల్లె పోయింది.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు వాకిట్లో "కళాయీ" అని కేక వినబడింది. తాతే. మనిషి సగమయ్యాడు, భుజాన తిత్తి మాత్రం అదే. బాపు తల వంచుకుని లోపలికి పోయాడు. అమ్మ గిన్నెలన్నీ తెచ్చి పెట్టింది, చిన్న గిన్నె చివరికి.

తాత దాన్ని చేతిలోకి తీసుకుని చుట్టూ చూశాడు. "మా దొరసాని ఏది బిడ్డా? ఏడుస్తలేదేంది?"

"లేదు మామా. కళాయి లేని గిన్నెల సల్ల తాగింది."

తాత గిన్నెను ఒళ్లో పెట్టుకున్నాడు. "పానం దాసుకుంట ఊర్లు వట్టి తిరిగిన బిడ్డా" అన్నాడు. "నా కొడుకును గూడ దక్కించుకోలేకపోయిన."

చిన్న గిన్నెకే ముందు వేశాడు. అంత చిన్న గిన్నెకు ఎంతసేపు వేశాడో. గిన్నె కాల్చేటప్పుడు కళ్లు తుడుచుకుంటుంటే పొగకని అనుకున్నాను, కానీ అప్పటికి ఇంకా నవసాగరం చల్లనే లేదు.

అమ్మ ఆ గిన్నె కడిగి లోపలికి తీసుకుపోయి, నిండుగా పుల్లటి సల్ల పోసుకుని వచ్చింది. తాత అలవాటుగా సంచిలోంచి డబ్బా తీశాడు. అమ్మ ఆ డబ్బాను పక్కకు పెట్టి, చెల్లె గిన్నెను ఆయన చేతుల్లో పెట్టింది. ఆమె వేళ్లు ఆయన వేళ్లకు తగిలాయి.

"ఈ గిన్నెలనే తాగు మామా" అన్నది. "ఇప్పుడు ఏం గాదు."

తాత రెండు చేతులతో పట్టుకుని, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.