రంపానికి చదువు రాదు

దేవపాల్ చెక్క కోయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాడు. ఆక్లండ్‌లో ఒక ఆస్పత్రిలో రోగుల్ని ట్రాలీల మీద తోసి తోసి నడుం పట్టేస్తే, రెండువేల నాలుగులో ఇక చాలని ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోడుగా. వంటింట్లోకి వచ్చి పోపులో ఆవాలు ఎక్కువయ్యాయని చెప్పడం మొదలెట్టాడు. భార్య జ్ఞానమణి విసిగిపోయి, దగ్గర్లో రిటైరైనవాళ్ళ వడ్రంగం క్లబ్బుంటే తీసుకెళ్ళి చేర్పించింది. అక్కడ చేతికి తగిలింది స్క్రోల్ సా అనే రంపం. కుట్టుమిషనంత యంత్రం, దారమంత సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది. చెక్కను తిప్పుకుంటూ పోతే ఎంత వంకర గీతైనా కోస్తుంది. అలాంటిదే ఒక పాత మిషను మౌంట్ రాస్కిల్‌లోని వాళ్ళ గరాజ్‌లోకి వచ్చింది. కారు వీధిలోకి పోయింది.

క్లబ్బులో కివీలు, అంటే ఇక్కడి తెల్లవాళ్ళు, చెక్కలో చేపలూ పక్షులూ కోసుకునేవారు. దేవపాల్ తెలుగక్షరాలు కోశాడు. రాసిచ్చేది జ్ఞానమణి. బాపట్లలో సండే స్కూలు పిల్లలకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఇక్కడ రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి వచ్చి, టీ తాగి, అదే చేత్తో పెన్సిలు పట్టేది. అతను ఆ కాగితాన్ని, ఎవరో కూల్చేసిన పాత ఇళ్ళలో దొరికే రిము అనే ఎర్రటి చెక్కకి అంటించేవాడు. గీత వెంట అక్షరాన్ని కోసి, పైనున్న కాగితాన్ని గరుకు కాగితంతో రుద్దేసి, తెల్లటి పలక మీద అతికించేవాడు.

అసలు కాగితం దాచుకుని, జిరాక్స్ అంటించి కోయాలని క్లబ్బులో మొదటిరోజే చెప్పారు. జ్ఞానమణి వింటేగా.

“పక్కన మనిషిని పెట్టుకుని జిరాక్స్ ఏంటండీ? మళ్ళీ రాస్తాగా!”

నిజమే అనిపించింది అతనికి. మనిషి ఇంట్లో ఉండగా నకలు దేనికి?

పూర్తయిన పలక చూసి మాత్రం ప్రతిసారీ నవ్వేది. “మీ రంపానికి చదువు రాదండీ.”

“నీకు రంపం పట్టడం వచ్చా?”

“నాకెందుకూ? చెక్కతోపాటు నా చెవులు కూడా మీరే కోస్తున్నారుగా!”

చర్చి సంఘంలో పెళ్ళికీ గృహప్రవేశానికీ దేవపాల్ అంకుల్ పలకే బహుమతి. అడిగినవాళ్ళకి లేదనలేదు. మనింటి గుమ్మానికి ఎప్పుడు చేస్తారని ఆమె ఒకసారి అడిగితే, “మనదెక్కడికి పోతుందే” అన్నాడు.

రెండువేల ఏడు చలికాలంలో, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా సోఫాలో ఒరిగిన జ్ఞానమణి మళ్ళీ లేవలేదు.

ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా సమాధి రాయి నిలబెట్టాలి. చేతిరాత ఇస్తే అచ్చంగా అలాగే చెక్కుతామన్నాడు రాళ్ళవాడు. దేవపాల్‌కి ప్రాణం లేచొచ్చింది. బైబిల్లో శాంతిని చెప్పే ‘సమాధానం’ అనే ఒక్క మాట, ఆమె రాతలో ఉంటే చాలు.

ఇల్లంతా వెతికాడు. బైబిల్లో పెన్సిలు గీతలున్నాయి, ఒక్క అక్షరం లేదు. ఫ్రిజ్ మీద చీటీలన్నీ ఇంగ్లీషే. ఊరికి ఉత్తరాలు మానేసి ఫోన్ కార్డులు గీకడం మొదలై ఏళ్ళయింది. ఆమె తెలుగులో రాసిందంతా గరాజ్‌లో రంపపు పొట్టయి, వాక్యూమ్‌లోకి పోయింది.

ఊరికి ఆ చివర ఆల్బనీ నుంచి కూతురు ఎమిలీ ఫోన్లో అంది: “డాడీ, కంప్యూటర్లో మంచి తెలుగు ఫాంట్స్ ఉన్నాయి. ఇట్స్ జస్ట్ లెటర్స్.”

“మీ అమ్మ చెయ్యి కదమ్మా అది!”

అప్పుడు గుర్తొచ్చింది. టకానినిలో జోసఫిన్ కొత్తిల్లు కొన్నప్పుడు ఇచ్చిన పలక ‘సమాధానం’. జోసఫిన్ జ్ఞానమణితో రెస్ట్ హోమ్‌లో పనిచేసిన పిల్ల. అతను రైలెక్కి వెళ్ళాడు.

“ఫోన్ చేస్తే నేనే తెచ్చేదాన్ని కదన్నయ్యా!” అంటూ ఆమె చెప్పుల స్టాండు మీంచి పలక దించి, చున్నీతో దుమ్ము తుడిచింది. “రోజూ డ్యూటీకి వెళ్తూ వదిన్ని చూసినట్టే ఉంటుంది.”

దేవపాల్ పలకను ఒళ్ళో పెట్టుకుని, మీద పల్చటి కాగితం వేసి పెన్సిలు పట్టాడు. ‘స’ తలకట్టు దగ్గర చెయ్యి ఆగింది. జ్ఞానమణి తలకట్టు కొసని పిట్టతోకలా పైకి లాగేది. పలక మీద అది మొండిగా ఉంది. సన్నటి కొస చెక్క పొరకి అడ్డంగా వస్తే పుటుక్కున విరుగుతుందని తనే పొట్టిగా కోశాడు. ఆమె సున్న ఎప్పుడూ పూర్తిగా కలిసేది కాదు, రవ్వంత సందు ఉండేది. పలక మీద సున్న గాజులా మూసుకుని ఉంది. అదీ తన పనే, గట్టిగా ఉంటుందని.

చూస్తూ కూర్చున్నాడు. వంపు వంపూ తనదే. ఊళ్ళో ఎన్ని గోడల మీద ఎన్ని పలకలున్నాయో, అన్నిట్లోనూ ఇంతే. ఆమె రాతని దిద్ది దిద్ది తుడిచేశాడు.

పోనీ ఆ సందైనా విడిచి గీద్దామనుకున్నాడు. సందు పైన ఉండేదా, పక్కనా? మూడేళ్ళు ఆమె భుజం మీంచి చూశాడు. చూసింది గీతని, కోయడానికి. రాసే చేతిని చూడలేదు.

“మీ వదిన సున్న ఎక్కడ మొదలెట్టేదమ్మా?” అని అడిగాడు.

“అదేం ప్రశ్నన్నయ్యా! సున్నకి మొదలేంటి? టీ తాగండి, చల్లారిపోతోంది.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఎమిలీకి ఫోన్ చేసి, నీకు నచ్చిన ఫాంటే పంపించెయ్యమన్నాడు.

కూడిక రోజు గాలి విసురుగా ఉంది. పాట అయ్యాక అందరూ రాయి చుట్టూ మూగారు. నల్లరాతి మీద ‘సమాధానం’ తెల్లగా, తీరుగా, సున్న గుండ్రంగా మూసుకుని, పెళ్ళి శుభలేఖలోలా ఉంది. జోసఫిన్ వంగి అక్షరాల మీద వేళ్ళు పెట్టి బావురుమంది.

“అచ్చం వదిన రాతేనన్నయ్యా! ఆ సున్న చూడండి, వదినే!”

“అవును అంకుల్, ఆంటీ రాతే” అన్నారు పక్కవాళ్ళు.

దేవపాల్ వాళ్ళందర్నీ ఒకసారి చూశాడు. ప్రతివాళ్ళ ఇంట్లోనూ తను కోసిన పలక ఉంది.

“అవునమ్మా, ఆవిడదే” అన్నాడు.